ఎల్లయ్య సున్నం, సరోజన పొడి

కాజీపేటలో సరోజన సోడా దుకాణానికి ఆబ్కారీవాళ్ళు సీలు వేశారు. దేనికి వేశారో వేసినవాళ్ళకే తెలియదు. మూడుసార్లు అడిగితే మూడు కారణాలు చెప్పారు. ఇది తప్పు.

ఈ మాట బయటివాడిగా అనడం లేదు. అదే పనిలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. జవానుగా చేరి హెడ్ కానిస్టేబులుగా దిగాను. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా హన్మకొండ చౌరస్తాలో కొన్న పాత ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలోనూ, కల్లు అమ్మే మండువల్లోనూ, గుడుంబా అనే నాటుసారా కాచే బట్టీల దగ్గరా నేర్చుకున్నాను. ఆ పుస్తకానికి అట్టలు లేవు. మొదటి పాఠం కూడా లేదు. అందుకే నాకు కెమిస్ట్రీ రెండో పాఠం నుంచి వచ్చు.

కొత్తగా ఈ కొలువులోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఎలా ఉంటాయో మీకే తెలిసొస్తుంది. నేను చెప్పేది రెండు పొడుల సంగతి. మొదటి పొడి ఏమిటో నాకు బాగా తెలుసు. రెండోది ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించే వయసు దాటిపోయింది కాబట్టి గందరగోళాన్ని గందరగోళంగానే రాస్తాను.

దుకాణంలో జరిగింది

సరోజనకు యాభై దగ్గర పడుతున్నాయి. స్టేషనుకు పోయే దారిలో ఆమె దుకాణం. నిమ్మసోడా, ఎండాకాలంలో సబ్జా నీళ్ళు, వాటితోపాటు బిస్కెట్లు, గ్లూకోజు డబ్బాలు. మడికొండ వైపు కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు సాయంత్రాలు బండ్లమీద వచ్చి ఆమె దగ్గర సోడా తాగిపోతారు.

ఒకరోజు అలా వచ్చినవాళ్ళలో ఒకడు జేబులోంచి చిన్న పొట్లం తీసి, చించి, తెల్లటి పొడిని సోడా గ్లాసులో పోసి కలుపుకున్నాడట. పక్కవాళ్ళూ అంతే. నవ్వుకుంటూ తాగారు. పోతూ పోతూ రెండు పొట్లాలు బల్లమీద మరిచిపోయారు. వాటిమీద ఏదో పరాయి దేశపు అక్షరాలు, నిమ్మకాయ బొమ్మ. సరోజన వాటిని తీసి, మళ్ళీ వస్తే ఇచ్చేద్దామని, అరలో గ్లూకోజు డబ్బా పక్కన పెట్టింది.

పెట్టిన చోటే తప్పు పెట్టింది, అది కూడా చెప్పాలి. రెండు రోజులకు ఎండదెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్న రైల్వే పెన్షనరు ఒకాయన వచ్చి గ్లూకోజు కలిపి ఇమ్మన్నాడు. చెయ్యి డబ్బామీదికి పోయింది కాబట్టి సరిపోయింది. పొట్లం మీదికి పోయి ఉంటే?

మూడో రోజు ఎవరో ఆ అరను ఫోనులో వీడియో తీశారు. పొడి మందు వచ్చేసింది, సోడాలో కలిపి చిన్నపిల్లలకు అమ్ముతున్నారు, ముక్కుతో పీలిస్తే మనిషి అక్కడే పోతాడు, అని దానికింద రాశారు. సాయంత్రానికల్లా కాజీపేటలో అందరి ఫోన్లలో అదే. మర్నాడు పొద్దున ఆబ్కారీవాళ్ళు జీపులో వచ్చి ఒక పొట్లం పట్టుకుని, దుకాణానికి సీలు వేసిపోయారు. రెండో పొట్లం డబ్బా వెనక జారిపడి ఉందని వాళ్ళు చూడలేదు. సీలు వేసేముందు సామాను తీసుకొమ్మంటే డబ్బాతో పాటు అదీ ఆమె సంచిలోకి వచ్చింది.

ఆ పొట్లం పట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది.

ఆమె నా దగ్గరికే ఎందుకు వచ్చింది

గేటు దగ్గర నిలబడి, "రాజయ్య సారు ఇల్లు ఇదేనా?" అంది.

కూర్చోమన్నాను. జరిగింది మొత్తం చెప్పింది. విన్నాక అడిగాను, "రిటైరైన మనిషిని, నా మాట ఎవరు వింటరు బిడ్డా? నా పేరు నీకెవరు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె సారు? నీ పేరు నాకు ఎనిమిదేండ్లప్పటి సంది ఎర్కే. నేను పాలకుర్తి అవుతల ఎల్లయ్య బిడ్డను."

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"మా నాయినను పట్టుకపోయింది నువ్వే," అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. "గందుకే వచ్చిన. ఉత్త పుణ్యానికి పట్టుకపోయినోనికే తెలుస్తది, ఎట్ల ఇడిపియ్యాల్నో."

లోపలినుంచి మా ఆవిడ చాయ్ తెచ్చింది. సరోజన తీసుకుంది. నేను తీసుకున్నాను గాని తాగలేకపోయాను.

ఎల్లయ్య సున్నం

నలభై ఏళ్ళ కిందటి మాట. నేను చేరి ఏడాది కూడా కాలేదు. కల్లులో క్లోరల్ హైడ్రేటు కలుపుతున్నారని, దాన్ని పట్టుకోవాలని ఊరూరా తిప్పుతున్న రోజులు. మండువల్లో దాన్ని సీహెచ్ అంటారు. కల్లు తక్కువైనా మత్తు తగ్గకుండా ఉండడానికి నీళ్ళలో కలుపుతారు. దానితో మనుషులు పోయారు, నేను చూశాను. కాబట్టి ఆ తిరుగుడు తప్పు కాదు.

మా ఇన్‌స్పెక్టరును పెద్దసాబ్ అనేవాళ్ళం. నిఖార్సైన మనిషి. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, రాసిన మాట దిద్దడు. పెన్ను కిందికి పోయిందంటే పోయినట్టే.

ఎల్లయ్య గీత పని చేసేవాడు. ఈతచెట్లు గీస్తాడు, కల్లు మండువలో పోస్తాడు. ఆ ఊళ్ళో ఒక ముసలామెకు రోజూ పొద్దున పులియని తీపి నీరా కావాలి. కల్లు కుండకు, అదే లొట్టికి, లోపల సున్నం పూసి చెట్టుకు కడితే కారిన నీరు పులియదు. అందుకని ఎల్లయ్య పొడి సున్నం జల్లించి, చిన్న డబ్బాలో పోసి, ఇంటి చూరులో పెట్టుకునేవాడు.

ఆ డబ్బా నాకు దొరికింది. తెల్లటి మెత్తటి పొడి. చూరులో దాచి ఉంది. నేను చేరిన కొత్త. "దొరికింది సాబ్!" అని వాకిట్లోకి వచ్చి అరిచాను.

ఎల్లయ్య భార్య ఎదురొచ్చింది. "సున్నం సారూ, గది లొట్టికి పూసే సున్నం. జర పసుపు ఏసి చూడున్రి, ఎర్రగైతది."

ఎంత చిన్న పరీక్ష! ఆడవాళ్ళకు అందరికీ తెలిసినదే, సున్నమైతే పసుపు తగలగానే ఎర్రబడుతుంది. లోపల పోపుడబ్బాలో పసుపుంది. పట్టుమని మూడడుగుల దూరం కూడా లేదు. నేనేమన్నానో నాకింకా గుర్తుంది. "మాకు చెప్పకు. లాబరేటరీ చెప్తది."

పెద్దసాబ్ కాగితం మీద మత్తు పొడి అని రాశాడు. నేను చెప్పిందే రాశాడు. ఎల్లయ్యను జీపెక్కించాం. వాకిట్లో ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి ఉందట. ఆ పిల్లను అప్పుడు నేను చూసినట్టే లేదు. ఆ పిల్ల నన్ను చూసిందన్నమాట.

కొన్ని నెలలకు రిపోర్టు వచ్చింది. సున్నం తప్ప మరేమీ లేదు. అప్పటికి ఎల్లయ్య చెట్లు వేరేవాళ్ళకు పోయాయి. కేసు నడవలేదు, మనిషిని వదిలేశారు. ఊరు మాత్రం ఆయన్ను వదలలేదు. ఊళ్ళో అంతకుముందు ఇద్దరు ఎల్లయ్యలుంటే, ఆ తర్వాత ఒకడు ఎల్లయ్య, ఒకడు పొడి ఎల్లయ్య అయ్యారు. ఆయన పోసిన కల్లు తాగడానికి జనం వెనకాడారు. చివరికి కూలికి పోయాడని తర్వాత విన్నాను.

ఆ రిపోర్టు నేను చదివాను. పెద్దసాబ్‌కు చూపించాను. ఆయన చదివి, "ఫైల్ల వెట్టు," అన్నాడు. "ఆ ఊరికి పొయ్యి చెప్దామా సాబ్?" అన్నాను. "ఏమని చెప్తవ్? మనకు సున్నం తెల్వదనా?" అన్నాడు. ఆ కాగితాన్ని మిగతావాటితో కలిపి నా చేతులతోనే దారం కట్టాను.

పెద్దసాబ్‌ను అనడం తేలిక, ఆయన పోయాడు కాబట్టి. కాని ఆ ఊరికి బస్సుండేది. ఒక ఆదివారం నేను పోయి మండువలో నిలబడి నాలుగు మాటలు చెప్పి ఉంటే ఎవరాపేవాళ్ళు? పోలేదు.

మా వంటింట్లో

సరోజన తెచ్చిన పొట్లం చించి ముందు వాసన చూశాను. నిమ్మ వాసన, దాని వెనక ఇంకేదో. నాలిక చివర పెట్టుకుంటే తీపి, ఒక్క క్షణం తర్వాత సన్నటి మంట. అది ఏమిటో నా నాలికకు తెలుసు. నా బుర్రకే నమ్మకం కుదరలేదు. సారా పొడి ఎట్లా అవుతుంది? నీళ్ళను పొడి చేస్తామా?

మా ఇంటి వెనకవాటాలో ఉండే డిగ్రీ పిల్లవాణ్ణి అడిగితే ఫోనులో వెతికి చదివి వినిపించాడు. పిండినుంచి తీసే చక్కెరలాంటి ఒక పదార్థం ఉందట. దాని రేణువులకు లోపల తొర్రలుంటాయట. ఆల్కహాలును అవి పీల్చుకుని పైకి పొడిలాగే కనిపిస్తాయట. నీళ్ళలో వేస్తే మళ్ళీ వదిలేస్తాయట. ఇది నా పుస్తకంలో లేదు. ఆ లేని మొదటి పాఠంలో ఉందేమో.

నమ్మకం కుదరక పరీక్ష పెట్టాను. పొడిని గ్లాసెడు నీళ్ళలో కలిపి, చిన్న గిన్నెలో పోసి, సన్నటి మంటమీద పెట్టాను. పైన బోర్లించిన మూతమీద చల్లటి నీళ్ళు, లోపల బొట్లు పడేచోట ఒక చెంచా.

మా ఆవిడ వచ్చి చూసింది. చూసి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏం చేస్తానవ్?"

"పరీక్ష."

"పరీక్షనా? ముప్పై ఏండ్లు మంది బట్టీలు పగులగొట్టి, ఇగ మన పొయ్యి మీద పెడ్తానవా గుడుంబ?"

"గుడుంబ కాదే, జర ఆగు."

"ఆగుత. నిన్ను పట్టుకపోను జీపొచ్చెదాంక ఆగుత. చెల్లె, నువ్వు గూడ సాచ్చెం ఉండు."

సరోజన అప్పుడు నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

చెంచాలో పడిన నాలుగు చుక్కలకు అగ్గిపుల్ల చూపించాను. నీలం మంట లేచింది. పట్టపగలు కనిపించీ కనిపించనట్టు, చెంచా అంచున కదిలింది. ఇక అనుమానం లేదు.

నాకు సంతోషం కలగాలి కదా, తేల్చినందుకు? కలగలేదు. ఎందుకంటే అది మద్యమైతే, లైసెన్సు లేకుండా దుకాణంలో ఉంచినందుకు తప్పు సరోజనదే అవుతుంది. మద్యం కాదని నేను అబద్ధమాడితే ఆమె బయటపడుతుంది. నిజం చెప్తే ఇరుక్కుంటుంది. నలభై ఏళ్ళ కిందట తెలియక ఆమె తండ్రిని ముంచాను. ఇప్పుడు తెలిసి ఆమెను ముంచాలా?

అదే ఆమెకు చెప్పాను. చెంచా ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆమె ఆ చెంచా తీసి పొయ్యి గట్టుమీద పెట్టింది. తర్వాత అంది, "ఉన్నదే రాయి సారు. దుకాణం పోతే ఇంకోకాడ బండి పెట్టుకుంట. మనుషులేమంటాండ్లో తెల్సా? పొడి ఎల్లయ్య బిడ్డ గూడ పొడే అమ్మింది అంటాండ్లు. మా నాయిన సచ్చి పన్నెండేండ్లాయె. నాకు ఒక్క కాగితం కావాలె. మా నాయిన తాన దొరికింది సున్నమేనని. సర్కారు ముద్ర ఉండాలె. దాన్ని పటం కట్టి దుకాణంల పెట్టుకుంట. గదొక్కటి రాపియ్యి."

జీరో చూపించిన గాజుగొట్టం

మర్నాడు ఆఫీసుకు పోయాను. ఎస్సై కుర్రవాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు. అతని మీద నాకు కోపం ఉంది గాని ద్వేషం లేదు, ఎందుకంటే ఆ వయసులో నేనూ అంతే.

"అంకుల్, గది మందు కాదు. నీళ్ళల్ల కలిపి హైడ్రోమీటర్ పెట్టినం. జీరో వచ్చింది," అన్నాడు.

హైడ్రోమీటరంటే కింద బుడ్డి ఉన్న గాజుగొట్టం. సరుకులో ఆల్కహాలు ఎంత ఎక్కువుంటే అంత లోపలికి మునుగుతుంది. కాని తీపి, పిండి కలిసిన సరుకు చిక్కగా ఉండి గొట్టాన్ని పైకి నెడుతుంది. ఒకటి ముంచుతుంది, ఒకటి లేపుతుంది, చూసేవాడికి ఏమీ లేనట్టే కనిపిస్తుంది. అందుకే తీపి సరుకును ముందు ఆవిరి పట్టి, దిగిన దాన్ని కొలవాలి. పాత ల్యాబు అటెండరు ఒకాయన నాకు ఈ ముక్క నేర్పాడు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. గాజుగొట్టం అబద్ధమాడదు గాని, మీరు అడగని దానికి జవాబు చెప్పదు.

అదంతా చెప్పి, "సరే బిడ్డా, నీ లెక్కల మందు కాదు. మరి సీలెందుకేసినవ్?" అన్నాను.

"మత్తు పొడని కంప్లైంట్ వచ్చింది."

"మత్తు పొడని తేలిందా?"

"కల్లుల కలిపేటివన్ని చూసినం. ఏది లేదు."

"మందు కాదు, మత్తు కాదు. మరి?"

అతను టేబుల్‌ మీది పెన్ను తిప్పాడు. "ఏదో ఒకటైతె ఉంటది గద అంకుల్. వీడియో అంతమంది చూసిన్రు. ఏం లేదని తెరిస్తే, రేపు ఎవలికన్న ఏమన్నైతే నన్నడుగుతరు."

"అయితే మందే అనుకో. మనిషి దగ్గర ఉంచుకోవచ్చన్న కొలత ఉంటది గద. ఆ లెక్కన చూడు."

"గది లీటర్లల్ల ఉంటది అంకుల్. పొడికి లీటర్లెక్కడియి? పొడి కొలవాల్నా, నీళ్ళు కలిపినంక కొలవాల్నా? ఎన్ని నీళ్ళు కలపాలె?"

నేను చదువుకున్నంతలో మద్యం అనే మాట పక్కన ద్రవం అనే మాటే ఉంటుంది. సర్కారు ప్రకటిస్తే వేరేవి కూడా వస్తాయి. ఈ పొడిని ప్రకటించారా లేదా అంటే అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఆహార కల్తీ చూసే ఆఫీసుకు పోతే, ఆల్కహాలుంటే మాది కాదన్నారు. మందుల షాపులు చూసేవాళ్ళు, ఇది ఔషధం కాదు పెద్దాయనా, అని తలుపు దాకా వచ్చి సాగనంపారు.

నాకు తోచింది, తోచనిది

అసలు ఈ పొడి మంచిదా చెడ్డదా అని నన్నడిగితే ఒక్క మాటలో చెప్పలేను. ముక్కుతో పీలిస్తే అక్కడే పోతారన్నది నాకు ఊహలాగే ఉంది. ఆ మంటకు రెండోసారి ఎవడూ పీల్చడనిపిస్తుంది. కాని అలా అనుకుని నేను తప్పు కావచ్చు. జేబులో పెట్టుకుని బళ్ళోకి తీసుకుపోవచ్చు, తెలియనివాళ్ళ గ్లాసులో కలపవచ్చు, రెండు పొట్లాలు ఒకే గ్లాసులో వేసుకుని ఎంత తాగామో తెలియకుండా పడిపోవచ్చు. ఇవన్నీ జరగగలవే. సీసా సీసాలా కనిపిస్తుంది. వాసన వస్తుంది, బరువుంటుంది, గలగలమంటుంది. నా ఉద్యోగమంతా సీసా దాగదు అన్న ధైర్యం మీద నడిచింది. ఇది గ్లూకోజు పక్కన కూర్చుంటే గ్లూకోజులాగే ఉంది. నాకు భయం ఆ రైల్వే పెన్షనరును తలచుకున్నప్పుడు కలిగింది, వీడియో చూసినప్పుడు కాదు.

మళ్ళీ అంతలోనే ఇంకో ఆలోచన వస్తుంది. తెల్లపొడి కనబడగానే మనకు మతి ఎందుకు పోతుంది? ఎల్లయ్య చూరులో ఉన్నదీ తెల్లగానే ఉంది. భయం ఉండడం న్యాయమే, కాని భయానికి పేరు పెట్టేముందు పసుపు డబ్బా తెరవాలి కదా? మరి ఈ పొడికి పసుపులాంటిది ఏది? ప్రతి ఎస్సై వంటింట్లో గిన్నెమీద మూత బోర్లించుకోవాలా? ఇక్కడికి వచ్చేసరికి నేను ఆగిపోతాను. పక్కమీద అటు తిరిగినా ఇటు తిరిగినా ఇదే.

చివరికి అర్జీ రాశాను. నాలుగు పేజీలు. పొడిలో ఆల్కహాలు ఉందని రాశాను. ఎలా తెలుసుకున్నానో రాశాను, గిన్నె, మూత, చెంచా, నీలం మంటతో సహా. అది గిరాకీవాళ్ళు మరిచిపోయిందని, సరోజన అమ్మలేదని, గ్లూకోజు పక్కన పెట్టడం ఆమె పొరపాటని రాశాను. ఇది మద్యమో కాదో ముందు మీరు తేల్చుకోండి, తేల్చుకునేదాకా ఆమె తలుపు మూసే హక్కు మీకు లేదని రాశాను.

నాలుగో పేజీలో ఎల్లయ్య సంగతి రాశాను. ఊరి పేరు, నా పేరు, పసుపు వేసి చూడమన్న మాట, వచ్చిన రిపోర్టు, దానికి దారం కట్టిన చేతులు. ఆయన దగ్గర దొరికింది సున్నమేనని, తప్పు నాదని, ఆ మాట ముద్రవేసి ఆయన కూతురికి ఇవ్వాలని అడిగాను. సంతకం పెట్టేటప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. "పించను ఆపుతరా?" అంది. "ఆపితే ఆపనీ," అన్నాను. "అయితే మంచిగ కనబడెటట్టు పెట్టు సంతకం," అంది.

మూడుసార్లు తిరిగాక జవాబు వచ్చింది. సరోజన దుకాణం ముందు నిలబడి ఆమెకు చదివి వినిపించాను. మొదటి పేరా విన్నప్పుడు సీలు వైపు చూసింది. చివరి పేరా విన్నాక, "మల్ల సదువు సారు," అంది. మళ్ళీ చదివాను. ఇక్కడ కూడా ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"శ్రీ రాజయ్య గారికి. మీ అర్జీ పరిశీలించడమైనది.

సదరు దుకాణములో దొరికిన పొడి ఏ కోవకు చెందుతుందన్న విషయము పై అధికారుల పరిశీలనలో ఉన్నది. అది తేలు వరకు దుకాణము తెరుచుకొనుటకు అభ్యంతరము లేదు.

మీరు మీ ఇంటిలో చేసినట్లు తెలిపిన పరీక్ష అనుమతి లేని బట్టీగా పరిగణించదగినది. మీ వయస్సును, సర్వీసును దృష్టిలో ఉంచుకొని చర్య తీసుకొనుట లేదు. ఇకముందు చేయరాదు.

ఎల్లయ్య అను గీత కార్మికునికి సంబంధించి మీరు పేర్కొన్న ఫైలు, రిపోర్టు వెతకగా లభ్యము కాలేదు. కావున మీరు చేసినట్లు చెప్పుకొనుచున్న పొరపాటు జరిగినట్లు ఈ కార్యాలయము వద్ద ఎటువంటి ఆధారము లేదు. జరగని దానిని సవరించుచు ధ్రువపత్రము ఇచ్చుటకు వీలుపడదని తెలియజేయడమైనది."